తలుపు పక్క సీటు

పద్దెనిమిదేళ్ల పిల్ల ఒంటేలుకి వెళ్లడానికి భయపడుతుందంటే ఎవరు నమ్ముతారు? తల్లి శ్రీయాని నమ్మలేదు. ఏడాదిలో మూడుసార్లు కూతురు ఇమేషా పళ్లు బిగబట్టుకుని బాత్రూంలోంచి బయటికొచ్చింది. మూడుసార్లూ పొత్తికడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయింది. మూడుసార్లూ శ్రీయాని ఒకటే మాట అంది. "వేడి చేసిందిలే. బల్లకి అతుక్కుపోయి చదువుతుంటే వేడి చెయ్యక చలవ చేస్తుందా?"

నాలుగోసారి బుద్ధుడి వెసాక్ పండగ ముందు ఆదివారం వచ్చింది. వీధిలో పిల్లలు వెదురు పుల్లలతో లాంతర్లు కడుతున్నారు. ట్యూషన్ నుంచి వస్తున్న ఇమేషా వాళ్లని దాటేలోపు నొప్పికి రెండుచోట్ల ఆగింది. ఆ నడక చూసి అమ్మమ్మ సోమావతికి విషయం అర్థమైపోయింది. పెరట్లోకి వెళ్లి కొండపిండి మొక్కలు వేళ్లతో సహా పీకి, కడిగి, పొయ్యి మీద పడేసింది. ఉచ్చమంటకి ఆ ఊళ్లో తాతల నాటి నుంచీ అదే మందు. మందు మంచిదే, దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. కాకపోతే గ్లాసుడు కషాయం తాగితే గంటలో రెండుసార్లు లేవాలి. ఇమేషా రెండు గుక్కలు తాగి మిగతాది కిటికీలోంచి పారబోసింది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి చాలా ఆలస్యంగా తెలిసింది.

శ్రీయాని బీరువా మీది డబ్బాలోంచి మాత్రలు తీసింది. కిందటిసారి మిగిలినవే. ఏడు రోజులు వాడమంటే మూడో రోజుకే మంట తగ్గింది, ఆపేసి దాచింది. ఎక్కువ మింగితే ఒళ్లు వేడెక్కుతుందని ఒక లెక్క, మళ్లీ వస్తే పనికొస్తాయని ఇంకో లెక్క. మూడుసార్లూ ఇదే తంతు. పొదుపు మనిషి అని పేరుంది కదా, పిల్ల మందుల దగ్గరా ఆ పేరు నిలబెట్టుకుంది మహాతల్లి.

శ్రీయాని కటునాయక దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో లైను సూపర్‌వైజరు. పందొమ్మిదేళ్ల సర్వీసు. మొగుడు ఖతార్‌లో క్రేన్ నడుపుతాడు, వారానికోసారి ఫోన్లో మొహం చూపిస్తాడు. ఇల్లూ పిల్లా ముసలితల్లీ అన్నీ ఈమె నెత్తినే. ఆమె లైనులో నలభై మిషన్లు, నలభైమంది ఆడపిల్లలు, గంటకి ఇన్ని చొక్కాలని బోర్డు మీద ఒక అంకె. లైనంతటికీ ఒకటే ఎర్ర కార్డు. బాత్రూంకి వెళ్లాలంటే శ్రీయాని దగ్గరికొచ్చి ఆ కార్డు అడిగి మెళ్లో వేసుకోవాలి. ఆ పిల్ల తిరిగొచ్చేదాకా ఇంకొకతె లేవకూడదు. ఎవరికి ఇవ్వాలో, ఎవరిని "లంచి దాకా ఆగలేవూ?" అనాలో శ్రీయానికి కొట్టినపిండి. అందుకే ఆమె లైను అంకె ఏనాడూ తప్పలేదు.

తనూ మిషను మీద కూర్చుని పైకొచ్చినదే. ఇమేషా కడుపులో ఉన్నప్పుడు ఏడో నెల నిండేదాకా పొద్దున్న బస్సెక్కిన దగ్గర్నుంచి సాయంత్రం బస్సు దిగేదాకా ఒకే ఒక్కసారి వెళ్లేదట. ఆ మాట పదిమందిలో గొప్పగా చెప్పుకునేది. రోజూ అన్నాల దగ్గర కార్డు అడిగే పిల్లల్ని అనుకరించేది. మెడ వంకర పెట్టి, కాళ్లు మెలేసి, "మిస్, ఒక్కసారి మిస్, అర్జెంటు మిస్" అంటుంటే సోమావతికి నవ్వాగక పొలమారేది. ఇమేషా కూడా నవ్వేది. "పనిదొంగలకే బాత్రూం గుర్తొస్తుందే" అని శ్రీయాని ముక్తాయించేది. పిల్ల పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్న మాట అది. బస్సులో ఏడిస్తే "బిగబట్టుకో, మా బంగారానివి కదూ" అని లాలించేది. బిగబట్టుకుంటే ముద్దు పెట్టేది. మంచిపిల్ల అంటే బిగబట్టుకునే పిల్ల అని ఆ ఇంట్లో నోరు తెరిచి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఈసారి డబ్బాలో మాత్రలు పనిచెయ్యలేదు. మూడో రోజుకి జ్వరం నూటనాలుగు. నడుము పక్కన చెయ్యి వేస్తే పిల్ల మెలికలు తిరిగింది. లాంతర్లు వెలిగిన సాయంత్రం శ్రీయాని పిల్లని ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఐదు రోజులు సెలైన్లు, రక్తం, ఉచ్చ పరీక్షలు, స్కానింగులు. అన్ని కాగితాలూ వచ్చాక రమ్మన్నారు. మళ్లీ వెళ్లేసరికి జూన్ నెల సగమైంది.

డాక్టర్ విజేకోన్ తల నెరిసిన ఆడమనిషి. పేద్ద గొంతు. కాగితాలన్నీ చూసి, తలెత్తి ఇమేషాని అడిగింది.

"రోజుకి ఎన్నిసార్లు వెళ్తావమ్మా?"

ఇమేషా తల్లివైపు చూసింది.

"మీ అమ్మ సంగతి కాదు, నీ సంగతి అడుగుతున్నా."

"పొద్దున్న ఒకసారి. పడుకునే ముందు ఒకసారి."

"మధ్యలో?"

"రాదు డాక్టర్."

"రాదా, రానివ్వవా?"

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంది.

"నీళ్లు ఎన్ని తాగుతావు?"

"క్లాసు ఉన్నరోజు తాగను."

"క్లాసు ఎప్పుడుంటుంది?"

"రోజూ ఉంటుంది."

శ్రీయాని ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "చిన్నప్పటి నుంచీ అంతే డాక్టర్. మంచి కంట్రోలు" అంది. గర్వంగానే అంది.

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "అది కంట్రోలు కాదమ్మా, జబ్బు. బిగించి బిగించి ఉచ్చ సంచికి ఇప్పుడు పూర్తిగా తెరుచుకోవడం చేతకావడం లేదు. వెళ్లొచ్చాక కూడా లోపల సగం మిగిలిపోతోంది. నిలవ నీళ్లలో క్రిములు పెరగక ఏం చేస్తాయి? పైకి పాకి కిడ్నీని కొరికేస్తున్నాయి. మీరు మూడుసార్లు సగం సగం మందేసి వాటిని మేపారు." స్కానింగు కాగితం తిప్పి చూపించింది. "ఎడమది చూడండి, ముడుచుకుపోయింది. సగం పనే చేస్తోంది. ఇంకొక్కసారి జ్వరం అక్కడిదాకా వెళ్లిందంటే ఆ కిడ్నీ ఉండదు. భయపెట్టడానికి చెప్పే మాట కాదిది."

శ్రీయాని కుర్చీ ముందుకి లాక్కుంది. తర్వాత డాక్టరు చెప్పినవన్నీ రెండుసార్లు చెప్పించుకుంది. రోజూ పడుకునే ముందు ఒక చిన్న మాత్ర, ఆరు నెలలు, ఒక్క రోజు మానకూడదు. రెండున్నర లీటర్ల నీళ్లు. వచ్చినా రాకపోయినా మూడు గంటలకోసారి వెళ్లి, హడావుడి పడకుండా పూర్తిగా అయ్యేదాకా కూర్చోవాలి. కాస్త జ్వరం తగిలినా ఆ పూటే ఆసుపత్రికి రావాలి.

"పరీక్షెప్పుడు?" అంది చివరికి డాక్టరు.

"ఆగస్టులో. ఏ లెవెలు. రెండోసారి రాస్తోంది, కిందటేడు మెడిసిన్ సీటు కాస్తలో తప్పింది" అని శ్రీయానే చెప్పింది. యూనివర్సిటీ సీట్లన్నీ ఆ పరీక్ష మార్కుల మీదే.

"మందు నేనిచ్చాను. పిల్ల ఒంట్లో భయం ఉంది, దానికి నా దగ్గర మందు లేదు. అది మీరు చూసుకోవాలి."

చూసుకుంది. ఏడు రోజులు బోధిపూజ చేయించింది. తెల్లచీర కట్టుకుని కుండలతో నీళ్లు మోసి బోధిచెట్టు మొదట్లో పోసి, మా పిల్లకి మెడిసిన్ సీటు రావాలని మొక్కుకుంది. భయం తగ్గించమంటే ఆమెకి తెలిసిన దారి అదీ. మనిషి చెడ్డది కాదు. పిల్లంటే ప్రాణం. ఆ ప్రాణమంతా ఒక సీటు మీద పెట్టుకుని కూర్చుంది, అదే వచ్చిన చిక్కు.

ఇక ఇంట్లో చూడాలి ఆమె హడావుడి. గోడకి కాగితం అంటించింది, ఎన్ని గంటలకి నీళ్లు, ఎన్ని గంటలకి బాత్రూం అని. గీతలున్న పెద్ద సీసా కొంది. మాత్ర తన చేత్తో నోట్లో వేసి నాలుక ఎత్తించి చూసేది. ఫ్యాక్టరీ నుంచి మూడు గంటలకోసారి ఫోన్లో మెసేజీ పెట్టేది. ఒకరోజు దిల్రుక్షి అని ఐదో నెల కడుపుతో ఉన్న పిల్ల కార్డు కోసం వచ్చి నిలబడింది. "టీ టైముకి ఇంక ఇరవై నిమిషాలే, ఓర్చుకో" అని పంపేసింది శ్రీయాని. పంపేసి, అదే చేత్తో ఫోను తీసి కూతురికి 'నీళ్లు తాగావా, వెళ్లొచ్చావా' అని కొట్టింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని ఆమెకి తట్టలేదు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క ఆదివారం క్లాసు తప్ప.

"అమ్మా, నువ్వొకసారి లోపలికొచ్చి చూడు" అంది ఇమేషా. "బెంచీకి పన్నెండుమందిమి. లేవాలంటే ఎన్ని మోకాళ్లు దాటాలో తెలుసా? దాటేలోపు సార్ స్టేజీ మీంచి చూసేస్తాడు. మైకులో అడుగుతాడు ఎక్కడికని. మొన్న ఒక పిల్ల లేస్తే, 'ఈ లెక్క ఆగస్టులో వచ్చినప్పుడు పేపరు దిద్దేవాడికి రాయమ్మా, ఆ పూట నేను ఉచ్చకెళ్లానని' అన్నాడు."

"మరి ఏం చేస్తావే?"

"శనివారం మధ్యాహ్నం నుంచి నీళ్లు మానేస్తా. ఆదివారం ఒక్కరోజే కదా."

"ఒక్కరోజు లేదు, ఏమీ లేదు. కిడ్నీ పోతుందంటే వినబడలేదా నీకు?" అని శ్రీయాని కసిరింది. ఆ క్లాసు మానెయ్యమని మాత్రం అనలేదు. ఆ మాట నాలుక చివరిదాకా కూడా రాలేదు.

ధమ్మిక సార్ కెమిస్ట్రీ క్లాసంటే మాటలు కాదు. రేకుల షెడ్డులో ఎనిమిది వందలమంది పిల్లలు, ఆదివారం ఆరింటి నుంచి పన్నెండింటి దాకా. ఆయన దగ్గర చదివితే సీటు వచ్చినట్టే అని ఆ చుట్టుపక్కల నాలుగూళ్లలో నమ్మకం. ముందు బెంచీల కోసం తల్లులు తెల్లారకముందే వచ్చి పుస్తకం పెట్టి సీటు కాస్తారు. శ్రీయాని శనివారం సాయంత్రం చీర మార్చుకుని, నలభై తమలపాకులు కట్ట కట్టి ఆయన ఇంటికెళ్లింది. కట్ట చేతికిచ్చి కాళ్లకి దండం పెట్టింది. గొంతు తగ్గించి విషయమంతా చెప్పింది. తలుపు పక్కన చివరి సీటు ఇప్పించమంది.

ధమ్మిక సార్ చెడ్డవాడైతే ఈ కథ ఇంకోలా ఉండేది. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యో, మా చెల్లెలికీ ఇదే బాధ ఉండేదమ్మా. రేపటి నుంచి ఆ సీటు మీ అమ్మాయిదే. నేను చూసుకుంటాను, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. శ్రీయాని ఇంటికొచ్చేదారంతా ఆయన్ని దీవించింది.

మర్నాడు షెడ్డు బయట గొడుగులు వేసుకుని కూర్చున్న తల్లుల మధ్య తనూ కూర్చుంది. సరిగ్గా ఆరింటికి మైకు మోగింది.

"ఇమేషా ఎవరమ్మా? ఇమేషా. ఆ, నువ్వేనా? ఆ బెంచీలోంచి వచ్చెయ్. ఇదిగో, ఈ తలుపు పక్క సీటు ఇకనుంచి నీది. నీకు ఒంట్లో బాగుండదని మీ అమ్మ చెప్పింది. ఎన్నిసార్లు వెళ్లాలనిపిస్తే అన్నిసార్లు వెళ్లు, నన్ను అడగక్కర్లేదు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఉచ్చ రాజుకీ వస్తుంది, మంత్రికీ వస్తుంది. ఎవరూ నవ్వకండర్రా."

నవ్వకండి అన్నాక నవ్వకుండా ఎవరుంటారు? ఎనిమిది వందలమంది నవ్వు రేకుల కింద మోగింది. బయట తల్లుల్లో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వి, శ్రీయాని వైపు చూసి ఆపారు. ఆమె గొడుగు మొహం మీదికి దించుకుంది. పోనీలే, సీటైతే దొరికింది కదా అని సర్దుకుంది. పన్నెండింటికి ఇమేషా బయటికొచ్చినప్పుడు మొహంలో ఏమీ లేదు.

"సార్ మంచాయనే కదే" అంది శ్రీయాని బస్సులో.

"ఊఁ" అంది ఇమేషా. ఇల్లు చేరేదాకా కిటికీలోంచే చూసింది.

ఆ రోజు నుంచి క్లాసులో పిల్ల పేరు నీళ్ల ట్యాంకరు. తలుపు పక్కనుంచి ఎవరు వెళ్లినా "ట్యాంకరు కదిలిందా?" అని అడిగి వెళ్లేవారు. కదిలితే కదా. అన్ని ఆదివారాల్లోనూ ఇమేషా ఆ సీట్లోంచి ఒక్కసారి కూడా లేవలేదు. ఎనిమిది వందల జతల కళ్లు చూస్తుంటే లేవడమెలా? ఆదివారంతో మొదలై మిగతా రోజుల క్లాసుల్లోకీ ఆ పేరు పాకింది. సీసా రోజూ ఖాళీగానే ఇంటికొచ్చేది. శ్రీయాని దాన్ని వెలుగుకి పెట్టి చూసి, "అదీ నా తల్లి" అని మళ్లీ నింపేది. సగం నీళ్లు బస్‌స్టాపు పక్క కాలవలోకి పోతున్నాయని ఆమెకి ఎవరు చెబుతారు? ఒక నెల జ్వరం లేదు, మంట అన్న మాట లేదు. కూతురు దారిలో పడిందని ఖతార్‌కి ఫోన్లో చెప్పి సంతోషపడింది.

జూలై ఆఖరి ఆదివారం మోడల్ పరీక్ష. ఆగస్టు పరీక్షకి ఇంక తొమ్మిది రోజులు. పన్నెండున్నరకి పిల్లలందరూ బయటికొచ్చేశారు. ఇమేషా రాలేదు. శ్రీయాని గొడుగు మూసి లోపలికెళ్లింది. తలుపు పక్క సీట్లో కూతురు బల్ల మీద తల పెట్టుకుని ఉంది. పరీక్షలకని కుట్టించిన కొత్త డ్రెస్సు వీపంతా చెమటతో తడిసి అతుక్కుపోయింది. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలింది.

"అన్నీ రాశానమ్మా. ఒక్కటి కూడా వదల్లేదు" అంది ఇమేషా. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"జ్వరం ఎప్పటి నుంచే?"

"గురువారం."

"గురువారమా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆసుపత్రిలో పెట్టేస్తారు. జ్వరానికి పెనడాల్ మాత్రలు వేసుకున్నా. ఇవాళ్టి దాకా ఆగితే చాలనుకున్నా." లేవబోయి, నడుము పట్టుకుని కూలబడిపోయింది.

క్రిములు రక్తంలోకి ఎక్కాయన్నారు పెద్దాసుపత్రిలో. మామూలు మందులు వాటి మీద పనిచెయ్యడం లేదు, గట్టి మందులు పట్టాలన్నారు. బీరువా మీది డబ్బా శ్రీయాని కళ్ల ముందు కదిలింది. నాలుగు రోజులు పిల్ల ఎవరినీ గుర్తుపట్టలేదు. సోమావతి భిక్షువు దగ్గర్నుంచి పిరిత్ చదివిన రక్ష దారం తెచ్చి మణికట్టుకి కట్టింది. శ్రీయాని మంచం పక్క కుర్చీలోంచి కదల్లేదు. ఫ్యాక్టరీ నుంచి ఫోన్లొస్తే తియ్యలేదు. ఐదో రోజు జ్వరం దిగింది. ఎనిమిదో రోజు స్కానింగు తీశారు. తొమ్మిదో రోజు పొద్దున్నే డాక్టర్ విజేకోన్ శ్రీయానిని వరండాలోకి పిలిచింది.

"పిల్ల దక్కింది. ఎడమ కిడ్నీ దక్కలేదు" అంది. అరిచే గొంతు ఆ రోజు లేదు. "అది ఇక పని చెయ్యదు. ఉన్న ఒక్కదాన్నీ జీవితాంతం కాచుకోవాలి."

శ్రీయాని కొంగుతో మొహం తుడుచుకుని లోపలికొచ్చింది. ఇమేషా దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం వత్తిలా పీక్కుపోయింది. వార్డు గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది.

"ఇప్పుడు పేపరు ఇస్తుంటారు" అంది ఇమేషా.

శ్రీయాని మంచం మీద కూర్చుని పిల్ల చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏడవకూడదనుకుంది, ఏడుపు వచ్చేసింది. "పోనీ తల్లీ, వెధవ పరీక్ష. రాయకపోతే ఏమైంది? డాక్టరువి కాకపోతే ఏమైంది? నువ్వు నా కళ్ల ముందుంటే చాలు, నాకు ఇంకేమీ అక్కర్లేదు" అంది. ఆ మాట ఆమె కడుపులోంచి వచ్చింది. అందులో అబద్ధం లేదు.

ఇమేషా తల్లి మొహం చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

"నిజంగానే అక్కర్లేదా అమ్మా?"

"నీ మీద ఒట్టు."

"అయితే ముందే చెప్పకపోయావా" అంది పిల్ల మెల్లగా. "లేచి వెళ్లేదాన్ని కదా."